అనుసంధానం యజమాని కాదు

"ఫైలు సర్వరు రాయడానికి అంత ఆలోచన ఎందుకండీ? సాకెట్టు తెరవడం, కనెక్షనుకొక స్ట్రక్చరు పెట్టుకోవడం, కావలసినవన్నీ అందులో వేసుకోవడం, అడిగినది డిస్కు నుంచి చదివి పంపడం. అంతే కదా!"

మన వృత్తిలో ఈ మాట ఏదో ఒక రూపంలో చెవిన పడని వారుండరు. పాఠ్యపుస్తకాల ఉదాహరణలు దీన్నే నేర్పుతాయి. ఇంటర్వ్యూలలో దీన్నే అడుగుతారు. డిజైను సమావేశంలో ఎవరైనా ధైర్యం చేసి "ఈ వివరం ఎవరి సొత్తు?" అని అడిగితే, "ముందు పని జరగనివ్వండి, తరువాత సర్దుకుందాం" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ సమాధానాన్ని ఖండించడానికే ఈ టపా. నా వాదాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలను: అనుసంధానం ఒక దారి మాత్రమే, దానికి యాజమాన్యం కట్టబెట్టిన సర్వరు ఒకరి ఫైలును మరొకరి చేతిలో పెట్టే ప్రమాదాన్నీ, విడిచేసిన మెమరీని మళ్లీ తాకి కుప్పకూలే ప్రమాదాన్నీ కడుపులో పెట్టుకొని తిరుగుతుంది.

కథలూ పద్యాలూ చెప్పుకొనే చోట ఈ గొడవేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. పగలు ప్రోగ్రాములు రాసి రాత్రి తెలుగు రాసుకొనేవాళ్లం మనలో తక్కువేమీ కాదు. పగటి పని గురించి తెలుగులో వాదించుకోవడం సాధ్యం కాదన్న అపప్రథ ఒకటి ఉంది, దానికి కూడా ఇది నా వంతు జవాబు. ప్రోగ్రాములతో పరిచయం లేనివారికి సైతం వాదన అందేలా రాయడానికి ప్రయత్నిస్తాను.

కౌంటరు, ఖాతా, టోకెను

పాతకాలపు బ్యాంకును ఒకసారి తలచుకోండి. చెక్కు ఇస్తే గుమాస్తా ఇత్తడి టోకెను చేతికిచ్చేవాడు. డబ్బు అందుకొని టోకెను తిరిగి ఇచ్చేయగానే ఆ టోకెను పని ముగిసేది, ఖాతా మాత్రం మిగిలి ఉండేది. మధ్యాహ్నం కౌంటరు మూసినంత మాత్రాన ఎవరి ఖాతా రద్దయ్యేది కాదు. ఒకే కౌంటరు ముందు పదిమంది ఖాతాదారులు నిలబడేవారు. ఒకే ఖాతాదారు నేడు ఈ కౌంటరుకు, రేపు పక్క కౌంటరుకు వెళ్లేవాడు. ఖాతా పుస్తకాన్ని కౌంటరు బల్లకు మేకులు కొట్టి బిగించే బ్యాంకును మనం ఊహించుకోలేము. కాని, ఫైలు సర్వర్లలో సరిగ్గా ఆ పనే చేసి, పైగా అది సులువైన మార్గమని చెప్పుకొంటున్నాము.

నెట్‌వర్కు ఫైలు సర్వరులో నాలుగు వేర్వేరు ఆయుర్దాయాలు ఉంటాయి. క్లయింటుకూ సర్వరుకూ మధ్య ఉన్న తీగవంటి అనుసంధానం ఒకటి. ఫలానా మనిషి తానెవరో నిరూపించుకొని లోపలికి వచ్చాడన్న సెషను రెండవది. ఆ మనిషి తెరచి పెట్టుకొన్న ఫైలు మూడవది. "ఈ ఫైలులో ఇక్కడినుంచి ఇన్ని బైట్లు చదివి ఇవ్వు" అన్న ఒక్కొక్క అభ్యర్థన నాలుగవది. ఒకటి పుట్టినప్పుడు మరొకటి పుట్టదు, ఒకటి పోయినప్పుడు మరొకటి పోదు. డేటా నిర్మాణాలను రూపొందించడమంటే ఈ నాలుగు ఆయుర్దాయాలను గుర్తించి, ప్రతి వివరాన్నీ దానికి తగిన ఇంట్లో ఉంచడమే.

అనుసంధానానికి నిజంగా చెందినవి చాలా కొద్ది. సాకెట్టు దానిది. సగం వచ్చి ఆగిన బైట్లు దానివి. టీసీపీ బైట్ల ప్రవాహాన్ని మాత్రమే అందిస్తుంది, సందేశాల హద్దులను అది పట్టించుకోదు. ఒక సందేశం మూడు ముక్కలుగా వచ్చినా, మూడు సందేశాలు ఒక్క పెట్టున వచ్చిపడినా వాటిని సర్దుకొనే చోటు కావాలి. (ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే ఆర్‌పీసీలో ప్రతి ముక్క ముందూ 4 బైట్ల గుర్తు ఉంటుంది. అందులో ఒక బిట్టు ఇదే చివరి ముక్క అవునో కాదో చెబుతుంది, తక్కిన 31 బిట్లు ముక్క పొడవును చెబుతాయి.) ఇరుపక్షాలూ మొదట్లో ఒప్పుకొన్న ప్రోటోకాలు వెర్షను, సందేశపు గరిష్ఠ పరిమాణం దానివి. బయటికి వెళ్లవలసిన జవాబుల వరుస దానిది. దానిమీద వచ్చిన అభ్యర్థనల్లో ఇంకా ఎన్ని నడుస్తున్నాయన్న లెక్క దానిది. తీగ తెగితే ఇవన్నీ అర్థం కోల్పోతాయి. తీగ తెగినప్పుడు అర్థం కోల్పోయేవి మాత్రమే అనుసంధానం సొత్తు.

అభ్యర్థనకు చెందినవి మరికొన్ని. దాని గుర్తు సంఖ్య (ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఎక్స్‌ఐడీ, 9పీలో ట్యాగు, ఎస్‌ఎంబీలో మెసేజ్ ఐడీ), విప్పి చదివిన వివరాలు, జవాబు కూర్చుకొనే చోటు, మధ్యలో రద్దయిందా లేదా అన్న సూచన, ఎవరి పేరు మీద నడుస్తున్నదన్న గుర్తింపు, పని ముగిసేదాకా తాను పట్టుకొని ఉండవలసిన సెషను, ఫైలు వగైరాల పట్టిక.

మిగిలినవేవీ ఈ రెండింటిలోనూ చేరవు. గొడవ అంతా ఆ మిగిలిన వాటి దగ్గరే మొదలవుతుంది.

గుర్తింపును ఎక్కడ ఉంచాలి?

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే కనుక ముందుగా దీన్నే తీసుకుంటాను. "కనెక్షను తెరచినప్పుడు యూజరెవరో తేలిపోతుంది, ఆ యూజరు సంఖ్యను కనెక్షను స్ట్రక్చరులో పెట్టేయండి" అంటారు. వినడానికి బాగుంది. కాని ఎన్‌ఎఫ్‌ఎస్‌లో క్లయింటు అంటే మనిషి కాదు, యంత్రం. ఆ యంత్రం మీద ఇరవైమంది పనిచేస్తుంటే వారందరి అభ్యర్థనలూ ఒకే అనుసంధానం మీద కలగలిసి రావచ్చు. అందుకనే ఆర్‌పీసీ ప్రోటోకాలులో గుర్తింపు పత్రం ప్రతి అభ్యర్థన వెంటా ఉంటుంది. లినక్సు కెర్నెలులోని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు ప్రతి అభ్యర్థనకూ ఆ మనిషి గుర్తింపును కొత్తగా తొడుక్కొంటుంది. ఎస్‌ఎంబీలో సైతం సెషను సంఖ్య ప్రతి అభ్యర్థన శీర్షికలోనూ ఉంటుంది. ఒకే అనుసంధానం మీద అనేక సెషన్లు ఉండవచ్చునని ఆ ప్రోటోకాలు ముందే చెబుతున్నది.

ఇరవైమంది వాడే యంత్రంలో యూజరు సంఖ్యను అనుసంధానానికి తగిలిస్తే ఏమవుతుంది? జీతాల పట్టీ తెరచిన అకౌంటెంటు అభ్యర్థన ఒక థ్రెడ్డులో సగంలో ఉండగా, అదే అనుసంధానం మీద మరొక ఉద్యోగి అభ్యర్థన వచ్చి ఆ సంఖ్యను మారుస్తుంది. ఇక ఎవరి హక్కులతో ఎవరి ఫైలు తెరుచుకుంటుందో దైవానికెరుక. పరీక్షల్లో ఇది బయటపడదు, ఎందుకంటే పరీక్షించేవాడు ఒక్కడే యూజరు. నిజమైన కార్యాలయంలో, నిజమైన రద్దీలో, నెలకొకసారి జరుగుతుంది. జరిగినప్పుడు కూడా సర్వరు కూలిపోదు, నిశ్శబ్దంగా తప్పు మనిషికి సరైన జవాబు ఇస్తుంది. ఆస్పత్రిలో రోగుల వివరాలున్న ఫైలు అయితేనో? ఇది "తరువాత సర్దుకుందాం" అనుకోదగిన సంగతేనా?

ఎన్‌ఎఫ్‌ఎస్ చెప్పే చరిత్ర

నా వాదానికి చరిత్ర నుంచి సాక్ష్యం తీసుకుంటాను. 1984 ప్రాంతంలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను రూపొందించినవారు ఒక సాహసం చేశారు. సర్వరు క్లయింట్ల గురించి ఏమీ గుర్తుంచుకోనవసరం లేదన్నారు. ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన సమాచారమంతా తానే మోసుకొస్తుంది. ఫైలును సూచించే గుర్తు, అనగా ఫైలు హ్యాండిలు, రెండవ వెర్షనులో 32 బైట్లు. దాన్ని క్లయింటే దాచుకొంటుంది. సర్వరు కూలి మళ్లీ లేచినా క్లయింటు అదే అభ్యర్థనను మళ్లీ పంపితే చాలు, ఏమీ జరగనట్లు పని సాగిపోతుంది. ఆ రోజుల్లో అది ప్రధానంగా యూడీపీ మీద నడిచేది. అనుసంధానమన్న ప్రసక్తే లేదు గనుక అనుసంధాన నిర్మాణమూ లేదు.

ఎంతో చక్కని ఆలోచన. కాని ఒక చోట బెడిసింది. క్లయింటు "ఈ ఫైలు తొలగించు" అంటుంది. సర్వరు తొలగిస్తుంది, జవాబు దారిలో పోతుంది. క్లయింటు మళ్లీ అడుగుతుంది. సర్వరు వెతికి "అటువంటి ఫైలు లేదు" అంటుంది. పని జరిగింది, జరగలేదన్న జవాబు వచ్చింది. చదవమని రెండుసార్లు అడిగితే నష్టం లేదు. తొలగించమనో, పేరు మార్చమనో రెండుసార్లు అడిగితే నష్టమే.

1989 యూజ్‌నిక్స్ సభలో చెట్ జుష్చాక్ సమర్పించిన పత్రం ఈ చిక్కుకు ఒక మందు చూపింది. ఇటీవల వచ్చిన అభ్యర్థనలనూ వాటి ఫలితాలనూ సర్వరు కొంతకాలం గుర్తుంచుకోవాలి, అదే అభ్యర్థన మళ్లీ వస్తే పని మళ్లీ చేయకూడదు. ఏమీ గుర్తుంచుకోనన్న సర్వరు పెరటి గుమ్మం గుండా జ్ఞాపకాన్ని తెచ్చుకొన్నదన్నమాట. ఆ తరువాత టీసీపీ వాడుక పెరిగింది. ఇక్కడే మన "అన్నీ కనెక్షనులో వేసుకో" సిద్ధాంతానికి అసలు పరీక్ష. తీగ తెగినప్పుడే కదా క్లయింటు పాత అభ్యర్థనను మళ్లీ పంపేది! అది కొత్త అనుసంధానం మీద, పాత ఎక్స్‌ఐడీతో వస్తుంది. జవాబుల జ్ఞాపకాన్ని పాత అనుసంధానంలో దాచుకొని, తీగ తెగగానే పారేసిన సర్వరు, ఆ జ్ఞాపకం ఏ క్షణానికి అవసరమో సరిగ్గా ఆ క్షణానికే దాన్ని పోగొట్టుకొంటుంది. వాన రాగానే గొడుగు పారేసినట్లు.

ఇంకొక చిక్కు కూడా మిగిలింది. జ్ఞాపకాన్ని ఎప్పుడు చెరిపివేయాలి? క్లయింటుకు జవాబు అందిందో లేదో సర్వరుకు తెలియదు. కనుక ఊహించి చెరిపివేయడమే, కాలాన్ని బట్టో పరిమాణాన్ని బట్టో. ఊహ తప్పితే ఫైలు పోతుంది.

దీనికి నికరమైన పరిష్కారం 2010లో, ఆర్‌ఎఫ్‌సీ 5661గా వెలువడిన ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1లో వచ్చింది. అది టైమర్లతో కాక డేటా నిర్మాణంతో వచ్చిన పరిష్కారం. సెషనుకొక స్లాట్ల పట్టిక ఉంటుంది. ప్రతి అభ్యర్థనా ఒక స్లాటు సంఖ్యనూ ఆ స్లాటులో ఒక వరుస సంఖ్యనూ చెబుతుంది. వరుస సంఖ్య పాతదే అయితే దాచిన జవాబు తిరిగి పంపాలి. ఒకటి ఎక్కువైతే కొత్త పని, పైగా పాత జవాబు క్లయింటుకు అందిందనడానికి అదే రుజువు, కనుక పాతది నిస్సంకోచంగా చెరిపివేయవచ్చు. ఈ రెండూ కాకపోతే వరుస తప్పిందని చెప్పాలి. స్లాటుకు ఒక్క జవాబే కనుక ఎంత మెమరీ పడుతుందో ముందే తెలుసు. ఈ పట్టిక సెషను సొత్తు. అనుసంధానాలు వస్తాయి, పోతాయి, ఒకే సెషనుకు రెండు మూడు ఉండవచ్చు, పట్టిక చెక్కుచెదరదు.

1989 నుంచి 2010 దాకా 21 సంవత్సరాలు. ఒక వివరాన్ని సరైన యజమాని దగ్గరికి చేర్చడానికి ప్రోటోకాలుకు అంతకాలం పట్టింది. "తరువాత సర్దుకుందాం" అనేవారు ఈ లెక్కను గోడకు అంటించుకొంటే మంచిది.

పేరు చెరపడం వేరు, చోటు ఖాళీ చేయడం వేరు

అనుసంధానానికి ఏదీ ఇవ్వకూడదని నేను మూర్ఖంగా పట్టుబట్టడం లేదు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ప్లాన్ 9 వారి 9పీ ప్రోటోకాలు చూడండి. అందులో తెరచిన ఫైళ్ల గుర్తులైన ఫిడ్‌లు అనుసంధానానికే చెందుతాయి, అనుసంధానంతోనే పోతాయి. ఆ మాట ప్రోటోకాలే స్పష్టంగా చెప్పింది కనుక అక్కడ ఫిడ్‌ల పట్టికను అనుసంధాన నిర్మాణంలో ఉంచడం న్యాయం. విండోసులో లినక్సును నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఫైళ్లు అటూ ఇటూ కనిపించడానికి మైక్రోసాఫ్టు వాడుకొన్నది కూడా ఈ చిన్న ప్రోటోకాలునే.

అంత సరళమైన ప్రోటోకాలులో కూడా అభ్యర్థన నిర్మాణాన్ని తేలిగ్గా తీసుకొంటే దెబ్బ తగులుతుంది. ఒక ఫిడ్ మీద చదివే అభ్యర్థన నడుస్తున్నది, డిస్కు నెమ్మదిగా ఉంది. ఈలోగా అదే ఫిడ్‌ను మూసివేయమని మరొక అభ్యర్థన వచ్చింది. ఫిడ్‌ను పట్టికలోనుంచి తీసివేసి, అదే ఊపులో మెమరీని కూడా విడిచిపెడితే, చదువుతున్న థ్రెడ్డు కాళ్ల కింద నేల లాగేసినట్లే. పట్టికలో పేరు చెరపడం ఒక పని, మెమరీని విడవడం మరొక పని. పేరు వెంటనే చెరిపివేయాలి, ఇకమీద వచ్చేవారెవరికీ అది దొరకకూడదు. మెమరీని మాత్రం, దాన్ని పట్టుకొని ఉన్న చివరి అభ్యర్థన ముగిశాకే విడవాలి. దానికే రిఫరెన్సు కౌంటు, అనగా ఎందరు పట్టుకొని ఉన్నారన్న లెక్క. ప్లాన్ 9 వారి సర్వరు లైబ్రరీ ఈ రెండు పనులనూ విడదీసి చేస్తుంది.

రద్దు సంగతీ అంతే. 9పీలో "ఫలానా ట్యాగు గల అభ్యర్థన ఇక వద్దు" అని చెప్పడానికి ఫ్లష్ ఉంది. ఫ్లష్‌కు జవాబు వచ్చేదాకా క్లయింటు ఆ ట్యాగును మళ్లీ వాడకూడదు. ఫ్లష్ జవాబుకంటే ముందే అసలు జవాబు వచ్చేస్తే దాన్ని మన్నించాలి. ఈ నియమం నిలబడాలంటే సర్వరులో ప్రతి అభ్యర్థనా తన ట్యాగుతో వెతికితే దొరికే నిర్మాణంగా ఉండాలి, తనను రద్దు చేయమన్న ఫ్లష్‌లను గుర్తుంచుకోవాలి. అభ్యర్థన అంటే ఒక ఫంక్షను పిలుపు మాత్రమేనని, దాని వివరాలన్నీ స్టాకు మీద ఉంటే చాలునని భావించినవాడు ఇక్కడ చేతులెత్తేస్తాడు.

అభ్యర్థన క్షణికమన్న నమ్మకం కూడా తప్పే. ఎస్‌ఎంబీలో "ఈ ఫోల్డరులో ఏదైనా మారితే చెప్పు" అని అడగవచ్చు. ఆ ఫోల్డరులో ఏదీ మారకపోతే ఆ అభ్యర్థన సాయంత్రం దాకా, కావాలంటే వారం దాకా సర్వరులో కూర్చొని ఉంటుంది. ఈ మధ్యలో ఫోల్డరు మూసివేయవచ్చు, మనిషి లాగాఫ్ కావచ్చు, తీగ తెగవచ్చు. అప్పుడు ఆ అభ్యర్థనను ఎవరు వెతికి ముగిస్తారు? జవాబు నిర్మాణంలో ఉండాలి, అదృష్టంలో కాదు.

ఇటీవలి సాక్ష్యం

ఇవన్నీ పాత కథలని కొట్టిపారేసేవారికి ఇటీవలి ఉదాహరణలు చెబుతాను. 2021లో వెలువడిన లినక్సు 5.15లో కేఎస్‌ఎంబీడీ అనే ఎస్‌ఎంబీ సర్వరును కెర్నెలులోనే చేర్చారు. మరుసటి ఏడు, 2022 డిసెంబరులో, దానిలోని ఒక లోపం సీవీఈ-2022-47939గా లోకానికి వెల్లడయింది. సవరణ అప్పటికి ఆగస్టులోనే కెర్నెలులో చేరింది. షేరునుంచి విడిపోయే అభ్యర్థనను నడిపే కోడు, విడిచేసిన వస్తువును మళ్లీ తాకుతున్నది. ప్రమాద తీవ్రతకు వెల్లడించినవారు ఇచ్చిన అంకె 10కి 10.

2025 మే నెలలో షాన్ హీలన్ అనే భద్రతా పరిశోధకుడు అదే సర్వరులో మరొక లోపాన్ని వివరించాడు, సీవీఈ-2025-37899. ఓపెన్‌ఏఐ వారి ఓ3 నమూనా చేత కోడు చదివించి దాన్ని పట్టుకొన్నాడు. ఆ కారణంగా అది పెద్ద వార్త అయింది. యంత్రం లోపం పట్టిందన్న ఆశ్చర్యంలో పడి, ఆ లోపమేమిటో చదివినవారు తక్కువ. నా దృష్టిలో అసలు పాఠం అక్కడ ఉంది.

ఎస్‌ఎంబీ 3లో ఒకే సెషనుకు ఒకటికంటే ఎక్కువ అనుసంధానాలను కట్టుకోవచ్చు. ఒక అనుసంధానం మీద లాగాఫ్ అభ్యర్థన వస్తుంది. దాన్ని అందుకొన్న కోడు జాగ్రత్త పడకపోలేదు. నడుస్తున్న పనులన్నీ ముగిసేదాకా వేచి, ఆ తరువాతే సెషనులోని యూజరు నిర్మాణాన్ని విడిచింది. కాని అది వేచి చూసింది తన అనుసంధానం మీది పనుల కోసం. అదే సెషనుకు కట్టిన మరొక అనుసంధానం మీద ఒక థ్రెడ్డు అదే యూజరు నిర్మాణాన్ని వాడుతూ ఉండవచ్చు. విడిచినది సెషను సొత్తు, లెక్కపెట్టినది అనుసంధానం పనులు. పాయింటరును శూన్యం చేసినంత మాత్రాన కూడా ప్రయోజనం లేదు, రెండవ థ్రెడ్డు అప్పటికే దాన్ని చేతిలోకి తీసుకొని ఉండవచ్చు.

అనుసంధానాన్ని మూసివేయడానికి అనుసంధానపు లెక్క చాలు. సెషనును మూసివేయడానికి సెషను లెక్క కావాలి. ఇంత చిన్న సూత్రం. కేఎస్‌ఎంబీడీ రచయితలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు, వారు మనకంటే సమర్థులు. సమర్థులే ఇక్కడ కాలు జారారంటే, "ఏముంది అందులో" అనేవారి సంగతి ఏమిటన్నదే నా ప్రశ్న. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. నలుగురూ వాడుకొని ఎవరూ లెక్క రాయని వస్తువుకు అదే గతి.

ప్రతివాదుల వాదనలు

ఎదుటిపక్షంలో బలమైన వాదన ఒకటి ఉంది. దాన్ని దాటవేయను. "సాంబా చూడండి. ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఆ సర్వరు దశాబ్దాలుగా అనుసంధానానికొక ప్రాసెసును పుట్టిస్తూ నడిచింది. తీగ తెగితే ప్రాసెసు చనిపోతుంది, మెమరీ అంతా ఆపరేటింగు సిస్టమే తుడిచేస్తుంది. మీరు చెప్పే బాధలేవీ లేవు కదా?" అంటారు.

నిజమే, అది గౌరవించదగిన డిజైను. అక్కడ ఆయుర్దాయం ప్రశ్నకు సమాధానం ఉంది, ఆ సమాధానం పేరు ప్రాసెసు. ఆ ప్రాసెసులోపల కూడా మెమరీని గాలికి వదలలేదు. టాలక్ అనే పద్ధతిలో ప్రతి మెమరీ ముక్కకూ ఒక తల్లి ఉంటుంది, తల్లిని విడిస్తే పిల్లలన్నీ పోతాయి. ఏది ఎవరి బిడ్డ అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా అందులో ఒక్క బైటు కూడా అడగలేరు. అయినా, ఎస్‌ఎంబీ 3 వచ్చి ఒకే క్లయింటుకు అనేక అనుసంధానాలు అన్నప్పుడు సాంబా కూడా మారవలసి వచ్చింది. కొత్త అనుసంధానం వస్తే, అదే క్లయింటుకు చెందిన పాత ప్రాసెసును వెతికి, సాకెట్టును దాని చేతికి అందించే పద్ధతి పెట్టారు. లోపల క్లయింటుకు, అనుసంధానానికి, సెషనుకు, షేరుకు, తెరచిన ఫైలుకు, అభ్యర్థనకు వేర్వేరు నిర్మాణాలు ఉన్నాయి. 2021లో వచ్చిన సాంబా 4.15లో ఈ సౌకర్యాన్ని లినక్సు మీద మామూలు వాడుకలోకి తెచ్చారు. సాంబాను నాకు వ్యతిరేకంగా సాక్ష్యం తెచ్చేవారు దాని సోర్సు కోడు తెరచి చూడాలని మనవి.

రెండవ వాదన: "ఈ రోజుల్లో మెమరీ చవక." లెక్క వేద్దాం. 1000 క్లయింట్లు, ఒక్కొక్క దానికి 64 అభ్యర్థనలు, ఒక్కొక్క అభ్యర్థనకు ముందుగానే 1 మెగాబైటు జవాబు చోటు. మొత్తం 64 గిగాబైట్లు, ఒక్క ఫైలు కూడా చదవకముందే. 9పీలో ట్యాగు 16 బిట్లు, అనగా ఒకే అనుసంధానం మీద 65 వేల పైచిలుకు అభ్యర్థనలు వేలాడవచ్చు. సర్వరే హద్దు పెట్టుకొని, హద్దు దాటితే సాకెట్టు చదవడం ఆపాలి. ఎస్‌ఎంబీ రెండవ తరంలో క్రెడిట్ల పద్ధతి, ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1లో స్లాట్లు ఈ హద్దును ప్రోటోకాలులోనే పెట్టాయి. జవాబు చోటు అభ్యర్థన పుట్టినప్పుడు కాక, జవాబు సిద్ధమయ్యే వేళ పుట్టాలి. సిద్ధమైన జవాబు అనుసంధానపు వరుసలో చేరాలి. లేదంటే, జవాబు అందుకోకుండా నిద్రపోయిన ఒక్క క్లయింటు, పనిచేసే థ్రెడ్డును తనతోపాటు నిద్రపుచ్చుతుంది. ఇటువంటి క్లయింట్లు పదిమంది చాలు, పది థ్రెడ్ల సర్వరు మొత్తం మూగబోవడానికి.

మూడవ వాదన ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్నది: "గో రాస్తే చెత్త ఎత్తేవాడు వాడే ఉన్నాడు, రస్టు రాస్తే కంపైలరే కాపాడుతుంది." మెమరీ విడుదలను భాష చూసుకొంటుంది, ఒప్పుకొంటాను, అది చిన్న మేలు కాదు. కాని, లాగాఫ్ అయిన మనిషి పేరు మీద ఇంకా ఒక రాత పని నడుస్తున్నదే, అది జరగాలా ఆగాలా అన్నది ఏ చెత్త సేకరణకు తెలుసు? అనుసంధానం అభ్యర్థనను, అభ్యర్థన అనుసంధానాన్ని లెక్కతో పట్టుకొని కూర్చొంటే రస్టులో ఆ రెండూ ఎన్నటికీ విడుదల కావు. కంపైలరు దానికి అడ్డు చెప్పదు. రస్టు చేసే గొప్ప మేలు ఒకటుంది, యాజమాన్యం ప్రశ్నకు జవాబు రాయనిదే ముందుకు పోనివ్వదు. జవాబు మాత్రం మనమే ఆలోచించుకోవాలి. ఆలోచించకుండా అన్నింటినీ పంచుకొనే పాయింటర్లలో చుట్టేసేవారు మళ్లీ ఉమ్మడి గొర్రెనే కొనుక్కొంటున్నారు.

ఇక "ముందు పని జరగనివ్వండి" అన్నది. మిగతా తప్పులను తరువాత దిద్దవచ్చు. నెమ్మదిగా ఉన్న వెతుకులాటను వేగవంతం చేయవచ్చు, తప్పు సందేశాన్ని సరిచేయవచ్చు. యాజమాన్యాన్ని మాత్రం తరువాత మార్చడం దుస్సాధ్యం. ఎందుకంటే అది ఒక ఫంక్షనులో ఉండదు, ప్రతి ఫంక్షను నమ్మకంలోనూ ఉంటుంది. "ఇది నేను వాడుతున్నంతసేపు ఉంటుంది" అని వంద చోట్ల వందమంది నమ్మి రాసిన కోడులో, ఆ నమ్మకం ఒక్కటి మారితే వంద చోట్లా మళ్లీ చదవాలి. అంత ఓపిక ఏ సంస్థకూ ఉండగా నేను చూడలేదు. ఇల్లు కట్టాక పునాది మార్చుకుందామనే మేస్త్రిని ఎవరూ పనిలో పెట్టుకోరు కదా.

చివరిగా

నా కోరిక పెద్దదేమీ కాదు. నిర్మాణంలో ఒక కొత్త వివరాన్ని చేర్చే ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకొందాం. ఇది ఎవరితో పుట్టింది? ఎవరితో పోవాలి? పోయే వేళకు దాన్ని ఎవరు పట్టుకొని ఉండవచ్చు? మూడింటికీ జవాబు "అనుసంధానం" అయితే నిశ్చింతగా అక్కడే ఉంచుదాం. మొదటి దానికి ఒక జవాబు, రెండవ దానికి మరొక జవాబు వస్తే అక్కడ ఆగుదాం. కోడులో ఆ వివరం పక్కన ఆ జవాబును ఒక్క వరుసలో రాద్దాం. సమావేశంలో ఈ ప్రశ్న అడిగే కుర్రవాడినో అమ్మాయినో ఆలస్యం చేస్తున్నారని విసుక్కోవడం మానుదాం. ఆ ప్రశ్న అడిగినవారే ఫైళ్ల యజమానుల తరఫున ఆ గదిలో మాట్లాడుతున్నవారు. తమ జీతాల పట్టీలు, వైద్య నివేదికలు, పిల్లల ఫోటోలు మన చేతిలో పెట్టినవారు ఆ గదిలో ఉండరు, వారికి ఈ నిర్మాణాల పేర్లు కూడా తెలియవు.

విభేదించే మిత్రులు తప్పక వ్యాఖ్య రాయండి. ముఖ్యంగా, అన్నీ అనుసంధానంలోనే పెట్టి, ఒకే క్లయింటుకు అనేక అనుసంధానాలున్న చోట, తీగ తెగినా, లాగాఫ్ వచ్చినా, అభ్యర్థన రద్దయినా చెదరని సర్వరును నడిపినవారెవరైనా ఉంటే, అది ఎలా సాధ్యమైందో చెప్పండి. నేర్చుకోవడానికి నేను సిద్ధం. "ఏముంది అందులో" అన్న ఒక్క మాటను మాత్రం వాదనగా అంగీకరించను.

సెలవు.